చల్లబడ్డ కాళ్లు

తెల్లవారగానే కోడలి నుదుటి మీద చెయ్యి వేసి చూసిన భూమక్క ముఖం వెలిగింది.

“జరం దిగింది కొడుకా! నిన్నటిదాక పెనం లెక్క కాలింది పిల్ల. ఇగ నిమ్మలంగ వరి నాటుకు పో” అంది.

సిద్దిరాములు ఊపిరి పీల్చుకొని పార భుజాన వేసుకున్నాడు. ఎల్లారెడ్డిలోని ఆ ఇంట్లో మగపిల్లవాడు పుట్టి వారం కూడా కాలేదు. కాన్పైన వెంటనే అతని భార్య కమలవ్వకు జ్వరం పట్టుకుంది.

పాలకు ఏడుస్తున్న పసివాణ్ణి ఎత్తుకొని ఆడపడుచు పోచవ్వ పురిటి గదిలోకి వెళ్లింది. వదినె పరిగెత్తి వచ్చిన మనిషిలా రొప్పుతోంది. కాళ్లు తాకితే మంచులా ఉన్నాయి. గోళ్లు నీలంగా మారాయి.

“వదినె, పాలియ్యవా?”

కమలవ్వ పిల్లవాణ్ణి వింతగా చూసింది. “ఎవరి పిల్లగాడు పోచవ్వా?”

పెద్దల ముందు పెదవి కదపని పోచవ్వ వాకిట్లోకి ఉరికి అన్న చెయ్యి పట్టుకుంది.

“పోకు అన్నా! జరం దిగుడు గాదిది. వదినె మన చేతులల్లకెళ్లి జారిపోతున్నది. బస్సుల కామారెడ్డి దవాఖానకు తోల్కపోదాం.”

భూమక్క గుమ్మానికి అడ్డం నిలబడింది. “నోట్ల నాలుక లేని పోరివి, ఇయ్యాల వైద్యం చెప్పవడితివా? పురుడు కడగకముందే గడప దాటిస్తె నలుగురు నా మొకాన ఉమ్ముతరు!”

“నా మొకాన ఉమ్మనియ్యి అవ్వా! కన్నకొడుకును గుర్తువడతలేదే ఆమె!”

భూమక్క మెల్లగా పక్కకు జరిగి, మనవణ్ణి చేతుల్లోకి తీసుకొని తనూ వాళ్ల వెంట బయలుదేరింది.

కామారెడ్డిలో డాక్టరు నాడి పట్టి చూసి ముఖం ముడుచుకున్నాడు. “కాన్పప్పుడు లోపల పుండుపడి విషం నెత్తుట్ల కలిసింది. ఒళ్లు కాలినన్ని రోజులు నెత్తురు దాంతోని కొట్లాడింది. ఇప్పుడు అలిసిపోయింది, అందుకే సల్లబడ్డది. ఈ గోళీలు కొత్తగ వచ్చినయ్. ఇవి క్రిముల్ని పెరగనియ్యవు, గంతే. వాటిని చంపాల్సింది ఈమె నెత్తురే. దానికి బలముండాలె. నీళ్లు తాపిండ్రా?”

“బాలింతకు నీళ్లేంది సాబ్? ఒళ్లు వాస్తది. రోజుకింత కషాయమే ఇచ్చిన” అంది భూమక్క.

“నీళ్లు లేకనే నెత్తురు బలం తప్పింది” అని డాక్టరు సూదితో ఉప్పునీళ్లు ఎక్కించే పనిలో పడ్డాడు. ఆ మాట భూమక్కకు తిట్టుకన్నా గట్టిగా తగిలింది. బయట గోడకు ఆనుకొని కూలబడింది.

మరునాడు పొద్దెక్కాక డాక్టరు మళ్లీ నాడి చూశాడు. “నిలదొక్కుకుంటున్నది. నీళ్లు తాపుండ్రి” అన్నాడు.

పోచవ్వ గిలాస పెదవులకు ఆనించింది. పగిలిన పెదవులు అంచును తాకి ఆగిపోయాయి. కమలవ్వ కళ్లు అత్త కోసం వెతికాయి.

“తాగొచ్చునా అత్తా?”

భూమక్క బావురుమంది. కూతురి చేతిలోంచి గిలాస తీసుకొని, కోడలి తల తన ఒడిలో పెట్టుకుంది.

“తాగు బిడ్డా. అడగకు. నన్నిగ ఎన్నడడగకు.”

కమలవ్వ గుటకలు వేసింది. ఒక్క చుక్క మిగల్చకుండా తాగి, “ఇంకిన్ని” అంది.

భూమక్క మళ్లీ గిలాస నింపింది.