ఖాళీ తట్టల్లో ఆకు

మా ఆయన అమరేష్ పాడేది పాటంటే ఎవురూ నమ్మరు. పందిని కోస్తాండారేమో అనుకునేవాళ్లు పక్క తోటోళ్లు. బెంగళూరులో గొంతు చించుకునే ఇట్లాంటి మెటల్ పాటలకి పడి చస్తారంట. వినేవాళ్లకి పిచ్చి, పాడేవాడికి ఇంకా పిచ్చి అని ఎగతాళి చేసేదాన్ని. ఆయన కొత్తగా చేస్తాండే ఆల్బమ్ అంతా వినుత మీదే. మా పెళ్లికి ముందు ఆయన ప్రేమించిన పిల్ల, జ్వరమొచ్చి పోయింది. పోయినామె మీద పాటలు కట్టుకుంటే నాకేం నష్టం అనుకున్నా. ఎంత తిక్కదాన్నో!

రికార్డింగు మా ఊరు సాదలిలో, మా పట్టుపురుగుల షెడ్డులోనే. కిటికీలకి గోనెపట్టాలు, పగలే చీకటి. పురుగులు ఆకు తింటాంటే సన్నవాన పడినట్టు చప్పుడొస్తాది. కడపటి పాటకి ఆ చప్పుడు కావాలన్నాడు. అప్పటికే పంటయిపోయి పట్టుగూళ్లు శిడ్లఘట్ట మార్కెట్టుకి పోయినాయి. పురుగుల్ని మేపే తట్టలన్నీ ఖాళీ.

పంట ఎత్తినాక షెడ్డు కడిగి మూసిపెట్టాల. కడగందే లోపలికి ఆకు పోనీకూడదని మా అత్త లక్ష్మీదేవమ్మ ఎప్పుడూ చెప్తాది. "ఆశ పెట్టినట్టయితాదమ్మా. తినేకి ఏదొస్తాదో ఎవురు చూసినారు?"

ఈయన వినలా. కడగని షెడ్డులో తట్ట నిండా మల్బరీ ఆకు పరిచి, మైకు పెట్టి, "తిను వినుతా" అని పాడినాడు.

చప్పుడొచ్చింది.

నేను గుమ్మంలోనే ఉండా. తట్టలో ఒక్క పురుగు లేదు. ఆకులు మాత్రం అంచుల్నుంచి తగ్గిపోతాండాయి...

ఆపొద్దు నుంచి ఆయన ఇంటికి రాలా. ఆకు కోసేది, పరిచేది, పాడేది. నేను పెట్టిన కూడు తలుపు దగ్గరే పాచిపోయేది. ఒళ్లు చిక్కి, కొయ్యకి చొక్కా తగిలించినట్టుండాడు.

"రా మామా ఇంటికి. నీ కాళ్లు పట్టుకుంటా."

"మెల్లగా..." అన్నాడు గుసగుసగా. "వినుతకి ఇంకా ఆకలి తీరలా."

ఏడుపు, కోపం రెండూ పొంగినాయి నాకు. ఆ తట్టల వైపు తిరిగి అరిచినా. "చచ్చినదానివి చచ్చినట్టుండు! నా మొగుణ్ణి నాకిచ్చేయ్. నీకు కావాల్సింది నేను పెడతా!"

చప్పుడు ఆగింది.

ఆయన నిద్రలేచినోడి మాదిరి చూసి, "ఆకలైతాండాది ప్రేమా" అన్నాడు. ఇంటికొచ్చి రాగిముద్ద, పప్పుసారు కడుపునిండా తిన్నాడు. షెడ్డు కడిగించినాం. అత్త దిష్టి తీసింది. మధ్యాన్నం నట్టింట్లో పండుకున్న ఆయన ఎదమీద తలపెట్టి, దేవుడా, దక్కినాడు అని ఏడ్చినా.

గుండె చప్పుడు వినబడలా. సన్నవాన పడతాండాది... లోపల.

తోటకి పరిగెత్తి ఆకు తెచ్చి ఆయన ఎదమీద పరిచినా. లోపల చప్పుడు ఆగింది. ఆకు తగ్గింది.

అప్పట్నుంచి దినామూ పరుస్తాండా. మా తోట అయిపోయింది. మిట్టేమరిలో మా అమ్మోళ్ల తోటా అయిపోయింది. పొద్దున యాడనో బతిమాలి ఒక మోపు తెచ్చి పరిచినా.

ముట్టలా. వేసిన ఆకు వేసినట్టే ఉండాది. లోపల చప్పుడూ లేదు.

ఆకు తినడం మానిందంటే పురుగు పండినట్టు. ఇంక గూడు కడతాది. ఇది మా ఊర్లో పసిపిల్లోళ్లకీ తెలుసు.

"మామా... మామా..."

ఆయన పెదాల సందున పసుప్పచ్చటి పట్టుపోగొకటి కనిపించింది. మెల్లగా లాగినా.

వస్తానే ఉండాది...