రెండో మనిషి దూరం

మా తోడల్లుడు పోయి నెల తిరక్కుండానే ఆయన కట్టిన లెక్కను నేను మార్చేశాను. దాచడమెందుకు, కుళ్లు! ఇంట్లో అత్తగారికీ ఆయనే ముద్దు, ఈ తూనికల ప్రయోగశాలలో పెద్దాఫీసరుకీ ఆయనే ముద్దు. నన్ను మాత్రం అందరూ కరివేపాకులా తీసిపారేసేవారు.

మా త్రాసు ఇసుక రేణువులో వెయ్యోవంతునైనా పట్టేస్తుంది. దగ్గర్లో మనిషుంటే నేల వెంట్రుకవాసి కుంగి తూకం మారిపోతుంది. గదిలో ఎందరున్నారో, ఎంత దూరంలో ఉన్నారో అంచనా వేసి ఆ తేడాను తీసేసే సమీకరణం ఆయనది. దాన్ని అందరూ నెత్తిన పెట్టుకున్నారు.

నేనది పక్కన పెట్టేశాను. తలుపేసుకుని ఒక్కణ్ణే కదలకుండా కూర్చుంటాను కదా, ఇక మనుషుల్ని లెక్కపెట్టడం దేనికని నా వాదన. ఈ మధ్యాహ్నం తేడా సున్నా వస్తే ఆయన పదవి నాది. ఫలితం కోసం పెద్దాఫీసరు పైఅంతస్తులో తెర ముందు కూర్చున్నాడు.

నేలకింద గది. కిటికీ లేదు. ఇనుము వాసన. యంత్రం సన్నటి రొద. గంటసేపు కుస్తీ పట్టినా సున్నా రాలేదు. చివరికి సిగ్గు చంపుకుని నా ముందున్న తెర మీద ఆయన సమీకరణాన్నే తెరిచాను.

మొదటి మనిషి: ఒక మీటరు.

అది నేను.

రెండో మనిషి: మూడు మీటర్లు.

అక్కడున్నది తలుపు. మూసే ఉంది... ఎవరూ లేరు.

రెండు మీటర్లు.

వెనక్కి తిరగలేదు...

ఒక మీటరు. తేడా: సున్నా.

నాకు ఏడుపొచ్చింది. భయంతో కాదు. చచ్చి కూడా ఆయన లెక్కే నెగ్గింది.

"అన్నయ్యా..." అని గొణిగాను. "ఇదొక్కటైనా నాకు వదిలెయ్యవా?"

చెవి పక్కన ఎవరో ఊపిరి వదిలారు. ఒక్క ఉదుటున లేచి తలుపు దగ్గరికి పరుగెత్తాను. గొళ్లెం మీద చెయ్యేసి, ఉండబట్టలేక తెరకేసి చూశాను.

మొదటి మనిషి: ఒక మీటరు.

రెండో మనిషి: మూడు మీటర్లు.

తేడా: సున్నా.

నా కుర్చీ ఖాళీగానే కనిపిస్తోంది.

గోడ స్పీకర్లో పెద్దాఫీసరు నవ్వాడు. "శభాష్! సున్నా కొట్టారు. ఇక ఆ పదవి మీదేనండీ."

నోరు తెరిచాను. మాట రాలేదు.

"అంతా మీ దయండీ," అంది నా గొంతు, ఆ కుర్చీలోంచి.