రెండున్నర గాజులు

కార్తీక మాసపు ముసురు. మూడు దినాలుగా తిరుమల కొండ కనిపించలేదు. పగలు మూడు గంటలకే ఇల్లంతా మసకబారింది. మదార్‌బీ గాజుల మలారాన్ని తిన్నె మీద దించి, తడిసిన కొంగు పిండుకొని, "ఏదీ బేటీ, చెయ్యి ఇట్ల తే" అంది.

వసంతమ్మకు ఐదో ఏటి నుంచీ గాజులు తొడిగింది ఆమే. చిత్తూరు ట్రైనింగు స్కూల్లో వక్తృత్వపు పోటీ గెలిచి వచ్చినప్పుడల్లా, "ఈ చెయ్యి ఊపే కదా అందరి నోళ్లూ మూయించినావు" అని ఎడమచేతికి రెండు గాజులు ఎక్కువ తొడిగేది.

ఆ ఎడమచెయ్యి మొద్దుబారి ఆరు నెలలు. మొదట వేళ్లలో చీమలు పారినట్లుండేది. తర్వాత పట్టుకున్న చెంబు జారిపడినా తెలియకుండా పోయింది. ఒక్కోనాడు ఒకే దీపం రెండుగా కనబడేది. పుత్తూరులో కట్లు కట్టే ఆయన నిమిరి చూసి, "ఎముక బాగుండాది తల్లీ, ఇది నా పని కాదు" అన్నాడు. నిజం చెప్పింది ఆయనొక్కడే. ఊళ్లో డాక్టరు నాడి కూడా పట్టకుండా "పెళ్లి చేస్తే కుదురుకుంటుంది" అన్నాడు. మద్రాసు పెద్దాసుపత్రిలో పిన్నులతో పొడిచి, మోకాలి మీద సుత్తితో కొట్టి, నడుములో సూది గుచ్చి నీళ్లు తీసి, "జాబు రాస్తాం, పొండి" అన్నారు. ఏడు వారాలయింది. జాబు రాలేదు.

ఇంట్లో మాత్రం తీర్పు వచ్చేసింది. గాలి సోకిందట. ఈ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు మంత్రగాడు చెంగల్రాయుడు వస్తాడు. కొత్త గాజులు తొడిగిన చేతికి కాలిన కడ్డీ పెడతాడు. నొప్పి తెలిస్తే చెయ్యి పిల్లది. తెలియకుంటే దయ్యానిది. అది వదిలిపొయ్యేదాకా వాతలు పెడుతూనే ఉండాలి.

"చేతికేమీ తెలీదనేదే కదా నా జబ్బు! తెలీకుంటే కాలుస్తాననేవాడు ఇంక కాల్చకుండా ఎప్పుడు వదుల్తాడు?" అని పొద్దున వసంతమ్మ అవ్వను నిలదీసింది.

అవ్వ గురవమ్మ కొడుకు వైపు తిరిగి, "సూసినావా మునెయ్యా, మాట్లాడేది మన పిల్ల కాదు" అంది. నాయన తల వంచుకున్నాడు.

మాట్లాడితే దయ్యం మాట. ఊరకుంటే దయ్యం మౌనం. ఇంత దొంగ నిబంధన వసంతమ్మ ఏ సభలోనూ వినలేదు.

కుడిచేతికి గాజులు ఇట్టే ఎక్కాయి. మదార్‌బీ ఎడమచెయ్యి అందుకుంది.

"పిడికిలి వదులు బేటీ."

"నేను బిగించలేదు."

ఎప్పుడూ తొడిగే రెండుంపావు కొలత గాజు కణుపుల దగ్గర ఆగిపోయింది. సబ్బు రాసినా ఎక్కలేదు. ఒకటి చిట్లింది. "ఆరు నెలలు పని లేని చెయ్యి సన్నబడాల. ఇదేంది, లావైంది?" అని గొణుక్కుంటూ మదార్‌బీ రెండున్నర కొలత పచ్చగాజులు తీసి, బొటనవేలిని లోపలికి మడిచింది.

టక్.

ముసలామె చేతులు ఆగిపోయాయి. నాలుగు గాజులూ వాటంతటవే జారి మణికట్టు మీద కూర్చున్నాయి.

"ఏమైంది మదార్‌బీ?"

ఆమె ఇంటి లోపలికి చూసి గొంతు తగ్గించింది. "ఈ సప్పుడు నాకు తెలుసు... మీ నాగులత్తది. చిన్నప్పుడు జామచెట్టు మీద నుంచి పడితే పుత్తూరులో కట్టు కట్టించినారు. బొటనేలు మడిచినప్పుడల్లా టక్ మనేది. ఆమె కొలత రెండున్నర."

"అత్త అమ్మవారు పోసి కదా పోయింది?"

"అట్లని చెప్పినారా నీకు?" మదార్‌బీ మలారం ఎత్తుకుంది. "ఆమెదీ మొద్దుబారిన చెయ్యే బేటీ. ఈ ఇంట్లోనే కాల్చినారు. కన్నతల్లే పట్టుకుండె. మూడో దినానికి..."

మాట పూర్తి చెయ్యకుండానే వానలోకి దిగిపోయింది.

వసంతమ్మకు భయం వెయ్యాలి. ముందు ఒళ్లు మండింది.

సాయంత్రం గదినిండా సాంబ్రాణి పొగ, తడిగోడల కంపు. కుంపట్లో బొగ్గులు చిటపటమంటున్నాయి. చెంగల్రాయుడు కడ్డీని తిప్పుతున్నాడు. మునెయ్య వాకిట్లో ఇటు వీపు పెట్టి నిలబడ్డాడు.

"నాయనా! నీ చెల్లెలు నాగులమ్మను సంపింది ఎవరు?"

ఆ వీపు ఒకసారి కదిలింది. ముఖం తిరగలేదు.

"అద్గదీ, పేరు చెప్పేసింది!" చెంగల్రాయుడు సంబరపడ్డాడు. "పట్టుకో గురవమ్మక్కా."

అవ్వ వచ్చి కూర్చొని మనుమరాలి ఎడమ మణికట్టు పట్టుకుంది. తడబాటు లేదు. అలవాటైన పట్టు.

"గట్టిగా పట్టుకో అవ్వా," వసంతమ్మ పళ్ల సందునుంచి గుసగుసగా అంది. "పోయినసారి పట్టుకున్నట్ల."

అవ్వ పెదాలు పాలిపోయాయి.

అప్పుడే చూపు చీలింది. రెండు దీపాలు. రెండు కడ్డీలు. ఇద్దరు అవ్వలు. ఇదీ జబ్బే, ఎరిగినదే... కానీ రెండూ ఒకే మాదిరి ఉండాలి కదా.

రెండో మనిషి వెంట్రుకలు నల్లగా ఉన్నాయి.

కడ్డీ దిగింది. చర్మం కాలిన వాసన. వసంతమ్మకు ఏమీ తెలియలేదు...

అరిచింది అవ్వ.

మొద్దుబారిన వేళ్లు ఒక్కొక్కటే అవ్వ మణికట్టు చుట్టూ మూసుకుంటున్నాయి. వసంతమ్మ ముడవలేదు. చెంగల్రాయుడు రెండు చేతులతో లాగాడు. ఊడలేదు. కడ్డీ పారేసి, చెప్పులు కూడా తొడుక్కోకుండా వానలో పడి పరుగెత్తాడు. చాలాసేపటికి వేళ్లు వదిలాయి.

మునెయ్య దీపం దగ్గరికి తెచ్చాడు. వసంతమ్మ ఎడమచేతికి వాత లేదు. గాజులూ లేవు. ముప్పయ్యేళ్లుగా బోసిగా ఉన్న అవ్వ చేతికి నాలుగు పచ్చగాజులు. ఒక్కటీ చిట్లలేదు. వాటి కింద ఎర్రగా కాలిన గీత.

సోమవారం మద్రాసు జాబు వచ్చింది. 'కారణం తేలలేదు. మూడు నెలలు ఆగి మళ్లీ రావలెను.' చించి పారెయ్యాలనిపించింది వసంతమ్మకు. చించడానికి రెండు చేతులు కావాలి. ఆమె చెయ్యి మొద్దుగానే ఉంది. సన్నబడింది కూడా, ఇప్పుడు రెండుంపావు గాజు వదులు. ఒకటే మేలు, ఇంట్లో ఎవరూ గాలి అనే మాట ఎత్తడం లేదు.

అవ్వ గాజులు తియ్యడానికి మదార్‌బీని పిలిపించారు. అవ్వ గోడకేసి చూస్తూ కూర్చుంది. మదార్‌బీ మెల్లగా ఆమె చెయ్యి ఎత్తి తన ఒడిలో పెట్టుకుంది. కాలిన చోట ఒత్తుకున్నా అవ్వ చూపు గోడ మీదనుంచి కదల్లేదు.

"బొటనవేలు మడువు మదార్‌బీ, వచ్చేస్తాయి" అంది వసంతమ్మ.

"నేనింకా ఏలు ముట్టలేదు బేటీ..."

వేలు తనంతట తానే, నిదానంగా, లోపలికి మడుచుకుంటోంది.

టక్.