మూత లోపలి నెలవంక

వాచీ మెకానిక్ మాయమయ్యాడు.

కొట్టు షట్టర్ సగం దించి ఉంది. బల్ల మీద లైటు వెలుగుతూనే ఉంది. గ్లాసులో టీ మీద మీగడ కట్టింది. మనిషి మాత్రం లేడు.

"అలిగుంటాడమ్మా. ఆకలేస్తే తనే వస్తాడు," అన్నాడు ఎస్సై. రెండు వారాలు గడిచినా ఆకలి వేసినట్టు లేదు. మెకానిక్ భార్య తిన్నగా సోడాబుడ్డి దగ్గరికి వచ్చింది.

సోడాబుడ్డి ప్రైవేట్ డిటెక్టివ్. కళ్లద్దాల మందం ఆ పేరు తెచ్చిపెట్టింది. ఇక ధైర్యం సంగతంటారా? చిన్నప్పుడు తన నీడనే దొంగనుకుని పొలిమేర దాకా పరిగెత్తాడట. దారిలో నీడే ఆయాసపడి ఆగిపోయిందని చూసినవాళ్లు చెబుతారు.

అతనికి ఆచూకీ ఒక్కటే దొరికింది. ఆ రోజు కొట్టుకి చివరగా వచ్చినవాడు పాత వాచీల వ్యాపారి. మనిషికంటే ముందు సెంటు వాసన వస్తుందని పక్క కొట్టు టైలరు చెప్పాడు.

"వాసన పట్టుకుని పెద్దమనిషి ఇంట్లో సోదా చెయ్యమంటావా?" ఎస్సై విసుక్కున్నాడు. చివరికి, వీధి మలుపులో జీపులో కూర్చోవడానికి మాత్రం ఒప్పుకున్నాడు. "ఆధారం దొరికితే ఫోన్ చెయ్యి. లేకపోతే నా జోలికి రాకు."

అలా సోడాబుడ్డి, మెకానిక్ భార్య అన్నాచెల్లెళ్లమని, వాచీ కొంటామని చెప్పుకుని ఆ వ్యాపారి సెంటుబాబు గదిలో కూర్చున్నారు.

వాళ్ల వెనక తలుపు మూసుకుంది. గడియ పడింది. తలుపుకి ఆనుకుని ఒక పహిల్వాన్ నిలబడ్డాడు.

సోడాబుడ్డి కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"దుమ్మండీ, అందుకే మూశాం," నవ్వాడు సెంటుబాబు. వెల్వెట్ గుడ్డ మీద వాచీ పెట్టాడు. "యాభై ఏళ్ల సరుకు. ఆటోమేటిక్. కీ ఇవ్వక్కర్లేదు, చెయ్యి ఊపితే చాలు."

సోడాబుడ్డి భూతద్దం తీశాడు. డయల్ మీద చుక్కలు పసుపెక్కాయి. ముళ్ల మీద రంగు మాత్రం తెల్లగా ఉంది. రెండూ ఒకే వయసువి కావు.

"మూత విప్పుతారా?"

"ఎందుకు?"

"అసలుదో కాదో చూడొద్దూ?"

"చూడండి, చూడండి. మా దగ్గర దాపరికం లేదు."

మూత ఊడింది. లోపల కీ ఇచ్చే అర్ధచక్రం, రోటర్, అటూ ఇటూ ఊగింది. మూత లోపలి వైపు సన్నటి గీతలు. వాచీ విప్పిన ప్రతి మెకానిక్కూ అక్కడ సూదితో తన గుర్తు, తేదీ గీస్తాడు. పాత వాచీకి అవే పుట్టుమచ్చలు.

"ఎంతమంది చేతులు పడ్డాయో చూశారా?" సెంటుబాబు గర్వంగా అన్నాడు.

చూశాడు. తేదీలు వేరు, గుర్తులు వేరు. కానీ అంకెలన్నీ ఒకే వైపు వాలి ఉన్నాయి. అందరి చెయ్యీ ఒకటే. అంచున, అన్నిటికంటే చిన్నగా, ఒక నెలవంక. పక్కన తేదీ.

మొన్న శుక్రవారం.

సోడాబుడ్డి తలెత్తకుండా మూత మీదికి ఇంకా వంగాడు. ఇప్పుడు మొహం మారితే ఇద్దరూ కాదు, ముగ్గురూ పోతారు.

"చెల్లెమ్మా, నువ్వూ చూడు."

ఆమె భూతద్దంలోంచి చూసింది. ఊపిరి బిగబట్టింది. పహిల్వాన్ ఒక అడుగు ముందుకేశాడు.

"ఆవిడకి వాచీల గురించి తెలుసా?" సెంటుబాబు నవ్వు ఆగిపోయింది.

"తెలీదండీ," అంది ఆమె. "అన్నయ్యకి కళ్లు ఆనవు. ఏం కొన్నా నేను చూడాల్సిందే. బాగుంది అన్నయ్యా, తీసుకో."

"తీసుకుంటా. కానీ ముల్లు పట్టేస్తోంది. ఇప్పుడే సరిచేయిస్తే ఇప్పుడే తీసుకెళ్తాం."

ఆశ చెడ్డది. సెంటుబాబు సైగ చేశాడు. పహిల్వాన్ వాచీ పట్టుకుని మేడ మెట్లెక్కాడు.

సోడాబుడ్డి ఫోన్ తీశాడు. "బావా, బేరం కుదిరింది. డబ్బు పట్టుకుని రా."

"ఎవర్రా నీకు బావ?" అవతల ఎస్సై అరిచాడు. మరుక్షణం జీపు స్టార్టయిన చప్పుడు.

తలుపు బద్దలైంది. సెంటుబాబు చేతులకి బేడీలు పడ్డాయి. పహిల్వాన్‌ని మెట్ల మీదే పట్టుకున్నారు.

"వాచీ నకిలీయేనా?" అడిగాడు ఎస్సై.

"అతుకుల బొంత సార్. ఒక వాచీ డయల్, ఇంకోదాని ముళ్లు. గీతలుంటే పాతదని నమ్ముతారని, మెకానిక్‌ని కొట్టి దొంగ గుర్తులు గీయించాడు. గీసినవి ఉన్నాయా లేదా అని చూసుకున్నాడే గానీ, ఏం గీశాడో చదవలేదు. నెలవంక ఆ మెకానిక్ సొంత గుర్తు. మాయమైనవాడు మొన్న శుక్రవారం ఈ మూత ఎలా విప్పాడు?"

ఎస్సై మెట్ల వైపు తిరిగాడు. అప్పటికే ఆమె మెట్లెక్కేసింది.

మేడ మీద కిటికీలేని గది. బల్ల ముందు వంగిన వీపు. కాలికి గొలుసు. కంట్లో భూతద్దం. అడుగుల చప్పుడికి అతను తలెత్తలేదు, భుజాలు మాత్రం ముడుచుకున్నాడు.

"అయిపోతోంది సార్. ఒక్క స్క్రూ. కొట్టకండి."

"నేనండీ," అంది ఆమె.

పట్టకారులోంచి స్క్రూ జారి ఎక్కడో పడింది. అతను దాన్ని వెతకలేదు.