వెనుక గేటు గీతలు

ఇంట్లో తన కళ్లజోడు ఎక్కడ పెట్టారో తెలియని మనిషి, ఊరు ఎటు నడవాలో మాత్రం తాను తేలుస్తానంటారు. కూతురికి తండ్రి మీదున్న ఫిర్యాదు అదే.

ఆయన యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ ప్రొఫెసరు. మార్కెట్టుకీ బస్టాండుకీ మధ్యనున్న క్యాంపస్‌ను ఊరంతా అడ్డదారి చేసుకుందనీ, వెనుక గేటు మూయించాలనీ పంతం పట్టారు. కమిటీ లెక్కలడిగింది. ఆ పని రీసెర్చి చేస్తున్న కూతురి నెత్తిన పడింది. ఐడీ కార్డు లేకుండా గేటు దాటితే ఒక గీత.

మొదటి గీత ఒక కళ్లజోళ్ల షాపు కుర్రాడిది. తనకు గీత ఎందుకు గీశారని నిలదీశాడు. బయటివాళ్లను లెక్కపెడుతున్నానందామె.

“ఈ గ్రౌండులో సైకిల్ నేర్చుకున్నాను. ఈ లైబ్రరీ మెట్ల మీద పరీక్షలకు చదివాను. బయటివాణ్ణి ఎప్పుడయ్యానండీ?”

ఆమె ఇంకో గీత గీయబోయి ఆగింది. అతను మాత్రం స్క్రూడ్రైవర్ మరిచిపోయానని ఒకసారి, గుర్తొచ్చిందని ఒకసారి దాటుతూనే ఉన్నాడు. వాన కురిసిన రోజు గేటు కిందే నిలబడిపోయాడు. లోపలా బయటా కానివాణ్ణి ఏ గడిలో రాయాలో నాన్న చెప్పలేదు. ఇద్దరూ ఆ సమస్య మీద గంటసేపు మాట్లాడుకున్నారు.

వారం తిరిగేసరికి నాలుగు వందల పన్నెండు గీతలు. నాన్న మొహం వెలిగింది. గేటుకు తన చేత్తోనే తాళం వేస్తున్నట్టు అనిపించిందామెకు. వెళ్లి కుర్రాడికి చెప్పింది.

కమిటీ రోజు పొద్దున్నే అతను ఇంటికొచ్చాడు.

“సార్, అందులో నూట పది గీతలు నావే.”

“మనుషుల్ని కదా లెక్కపెట్టమన్నాను,” అన్నారు ప్రొఫెసరు కూతురి వైపు తిరిగి.

“దాటిన ప్రతిసారీ గీయమన్నారు నాన్నా. ఫారం మీరు రాసిందే. కూరగాయలకెళ్లి తిరిగొచ్చిన అమ్మ కూడా అందులో ఇద్దరు.”

ఫారం చూడబోతే ఆయన కళ్లజోడు జారింది. కుర్రాడు జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి, కళ్లజోడు కాడ బిగించి ఇచ్చాడు.

“అన్నిసార్లెందుకు దాటావయ్యా?”

“ఒక్కసారిలో చెప్పగలిగే మాట కాదు సార్,” అంటూ ఆమెను చూశాడు.

“నేనూ అతని గీత కోసమే కూర్చున్నాను నాన్నా.”

అమ్మ వంటింట్లోంచి వచ్చి, కుర్రాడికి కుర్చీ లాగి వేసింది. ఆ ఇంట్లో అంతకు మించిన అంగీకారం లేదు.

ప్రొఫెసరు ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి ఏదో గొణిగారు.

“ముప్పై ఏళ్లుగా వినాలని చూస్తున్నాను, కాస్త గట్టిగా చెప్పండి,” అంది అమ్మ.

“తప్పు నాదే. లెక్కలోనూ, గేటు విషయంలోనూ.”