రోబో మీద నాన్న చెయ్యి

శనివారం ఉదయం ఎనిమిదింటికే దక్షిణ ఆస్ట్రేలియాలోని వయాలాలో ఎండ చురుక్కుమంటోంది. మొయిరా టోస్టులకు వెజిమైట్ పేస్టు రాస్తూ జట్టు పిల్లల కోసం ఎదురుచూస్తోంది. బడి రోబోటిక్స్ జట్టుకు ఆమే మెంటర్, కూతురు టెగన్ కెప్టెన్. మర్నాడే అడిలైడ్‌లో పోటీ. మూడు వారాలుగా రోబో చెయ్యి బంతిని ఎత్తినట్టే ఎత్తి జారవిడుస్తోంది.

టెగన్ గ్యారేజీలోంచి వచ్చింది. మొహం పాలిపోయి ఉంది.

"అమ్మా, చెయ్యి పనిచేస్తోంది."

"మంచిదేగా?"

"అది మేం చేసింది కాదు. ఎవరో విప్పి మళ్లీ బిగించారు."

మొయిరా భర్త వైపు చూసింది. గ్లెన్ టీ కప్పు మీంచి తలెత్తలేదు. ఇరవై రెండేళ్లు ఉక్కు ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసినవాడు. నడుం దెబ్బతిని ఆరు నెలలుగా ఇంట్లోనే ఉంటున్నాడు.

"నువ్వేనా?"

"పొద్దున్నే లేచా. గంట పని. దానికింత రాద్ధాంతం ఎందుకు?"

"పెద్దవాళ్లెవరూ రోబోను ముట్టుకోవద్దని తల్లిదండ్రులందరికీ మెసేజ్ పెట్టింది నేను. తన కొడుకు బదులు తనే ప్రోగ్రాం రాశాడని పోయిన నెల వాన్‌ని అందరి ముందూ మందలించిందీ నేనే."

"వాన్ సంగతి వేరు. అన్నిట్లోనూ వేలు పెడతాడు."

"మరి నువ్వు పెట్టింది వేలు కాదా?"

గ్లెన్ కప్పు పక్కన పెట్టాడు. "ఎవరికీ చెప్పకండి. గెలిచి రండి. అంతేగా కావలసింది?"

"ఎలా చేశారని రేపు జడ్జీలు అడిగితే నేనేం చెప్పను నాన్నా?" టెగన్ అడిగింది. "మాకు చేతకాదనుకున్నావు కదూ."

"అది కాదే..." గ్లెన్ మాట తడబడింది. "ఈ ఇంట్లో నేను బాగుచెయ్యగలిగింది అదొక్కటే కనిపించింది."

మొయిరా కోపం తగ్గింది. అయినా ఫోను చేతిలోకి తీసుకుంది.

"ఈ సంగతి అందరికీ మెసేజ్ పెడతావా?"

"పెట్టాలి గ్లెన్. నా మొగుడని దాచిపెడితే రేపు ఏ తండ్రికీ ఏమీ చెప్పలేను."

"నా పరువు తీస్తావన్నమాట."

ఆమె మెసేజ్ టైపు చెయ్యడం మొదలుపెట్టింది. చివరికి గ్లెన్ నడుం పట్టుకుని లేచాడు.

"మెసేజ్ పెట్టు. వాన్‌కి మాత్రం నేనే ఫోన్ చేసి చెప్తా."

తొమ్మిదింటికి పిల్లలు వచ్చారు. టెగన్ జరిగింది చెప్పి, స్పానర్ తీసుకుని చెయ్యి ఊడదీసింది.

"పనిచేస్తున్నదాన్ని విప్పేస్తావేంటి?" అంటూ పిల్లలు సణిగారు. గొణుక్కుంటూనే చుట్టూ కూర్చున్నారు.

మధ్యాహ్నమైనా బంతి జారుతూనే ఉంది. టెగన్ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"నాన్నా, నువ్వు చెయ్యొద్దు. ఎక్కడ చూడాలో చెప్పు చాలు."

గ్లెన్ రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని గ్యారేజీలోకి వెళ్లాడు. చాలాసేపు చూశాడు. "బంతి జారే ముందు మణికట్టు ఎటు వాలుతోందో చూడండి," అని మాత్రం చెప్పి బయటికి వచ్చేశాడు. చీకటి పడేలోపు పిల్లలే బంతి జారకుండా చేశారు.

పోటీలో వాళ్లు తొమ్మిదో స్థానంలో నిలిచారు. తిరుగు ప్రయాణంలో వెనక సీట్లో టెగన్ నిద్రపోతుంటే మొయిరా పక్కనున్న గ్లెన్‌కి మెల్లగా చెప్పింది.

"ఈ చెయ్యి ఎవరు సరిచేశారని జడ్జి అడిగాడు. 'మేమే, ఎక్కడ చూడాలో మా నాన్న చెప్పాడు' అంది టెగన్."

గ్లెన్ కళ్లు తుడుచుకున్నాడు. కొంత దూరం పోయాక అడిగాడు.

"ఏమందో మళ్లీ చెప్పు."