రెండూ పదికి లాగిన్

ద్వారకా నగర్‌లో బస్సు కాంప్లెక్స్ వెనక సందులో, ఒక కోచింగ్ సెంటర్ మెట్ల కింద ఉంటుంది నా షాపు. కంప్యూటర్లు బాగుచేస్తాను. మా అబ్బా వన్ టౌన్‌లో తాళాలు బాగుచేసేవాడు. "తాళం తియ్యమని పిలిస్తే ముందు ఇల్లెవరిదో అడుగు బేటీ, ఆ తరవాతే చెయ్యి వెయ్యి" అనేవాడు. అందుకే అనూరాధ గారు ఫోన్ చేసి, కంప్యూటర్ తెరుచుకోవడం లేదు రమ్మన్నప్పుడు, అది ఎవరిదని అడిగాను.

"మా ఆయనది. ఆయన పోయి నలభై రోజులవుతంది," అన్నారు.

మర్నాడు పొద్దున్న పెందుర్తి వెళ్ళాను. అల్పపీడనం పట్టి మూడు రోజులుగా ముసురు. పదకొండు గంటలకే వీధిలో దీపాలు వెలిగించుకున్నారు. కాలనీలో చివరి ఇల్లు. ఆవిడ స్కూల్లో లెక్కల టీచరు, ఆ రోజు సెలవు పెట్టారు. ఇంట్లో అత్తగారు ఆదిలక్ష్మమ్మ, మరిది గుణశేఖర్ ఉన్నారు. గుణశేఖర్ నాకు నమస్కారం పెట్టాడు గాని నా మొహం చూడలేదు. నా చేతిలో సంచీ చూశాడు.

లోపలి గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్నాక అనూరాధ గారు సంగతి చెప్పారు. భర్త సుమంత్, గుణశేఖర్, ఇద్దరూ ఊరి చివర ఒక కెమికల్ కంపెనీలో పనిచేసేవారు. సుమంత్ సూపర్‌వైజరు. ఒక గురువారం గ్యాస్ లీకైంది. అలారం మోగలేదు. ఆయన లోపలికి వెళ్ళి మళ్ళీ రాలేదు. అలారం చూసుకోకపోవడం ఆయన తప్పేనని కంపెనీ అంటోంది. విచారణ రేపు పది గంటలకి.

"ఆ గురువారం నేను క్వశ్చన్ పేపరు ప్రింటు తీసుకుందామని ఇది ఆన్ చేశాను. విండోస్‌లో 'అలారం సంగతి' అని ఒక ఫైలు కనపడింది. తెరిచేలోపే ఫోనొచ్చింది. కంప్యూటర్ ఎలా ఆపానో, ఎలా పరిగెత్తానో నాకు గుర్తులేదు. అప్పట్నించి ఇది విండోస్‌లోకి వెళ్ళట్లేదు. ఎన్నిసార్లు పెట్టినా ఆయన వాడుకునే ఆ రెండోదాంట్లోకే పోతంది. దాని పాస్‌వర్డ్ నాకు తెలీదు."

ఒకే మెషీన్‌లో రెండు సిస్టమ్‌లు. ఇంట్లోవాళ్ళకి విండోస్, ఆయన సొంత పనికి లినక్స్. ఆన్ చెయ్యగానే నల్లటి తెర మీద రెండు లైన్లతో ఒక మెనూ వస్తుంది. ఏది కావాలో పది సెకన్లలో చెప్పాలి. చెప్పకపోతే మొదటిదే తెరుచుకుంటుంది. ఇలాంటి మెషీన్లు నెలకి పది వస్తాయి నాకు.

ఆన్ చేశాను. మెనూ వచ్చింది. మొదటి లైను విండోస్, తెల్లటి పట్టీ దాని మీదే ఉంది. పది... తొమ్మిది... నేను ఏమీ ముట్టుకోలేదు. రెండు అంకె పడగానే పట్టీ కిందికి దిగింది. లినక్స్ తెరుచుకుంది. పాస్‌వర్డ్ అడిగింది.

కీబోర్డులో ఏదో మీట ఇరుక్కుని ఉంటుందనుకున్నాను. కీబోర్డు తీసేసి మంచం మీద పడేశాను. మళ్ళీ ఆన్ చేశాను. పది... తొమ్మిది... రెండు దగ్గర పట్టీ మళ్ళీ దిగింది.

ఎవరో కావాలని ఏదో చేసిపెట్టారని అప్పుడు అనుమానం వచ్చింది. నా పెన్‌డ్రైవ్‌తో మెషీన్ లేపి, లినక్స్‌లోకి ఎవరెవరు ఎప్పుడు వెళ్ళారో రాసుకునే చిట్టా తెరిచాను. ఆఖరి పేజీ చూశాను. రోజూ మధ్యాహ్నం రెండూ పది. సుమంత్ పేరు మీద, సరైన పాస్‌వర్డ్‌తో. పావుగంట ఉండి బయటికి. నిన్న కూడా.

అనూరాధ గారు చాలాసేపు ఆ వరసలు చూశారు. తరవాత గొంతు తగ్గించి అన్నారు. "రెండింటికి నేను స్కూల్లో ఉంటాను. ఇంట్లో ఉన్న రోజైనా ఆ టైముకి ఈ గదిలోకి రాను. అత్తయ్యకి సెల్‌ఫోనే రాదు. ఇంట్లో ఉండేది గుణ ఒక్కడే. ఆ రోజు నుంచి డ్యూటీకి పోవట్లేదు."

గుమ్మం దగ్గర నీడ కదిలింది. గుణశేఖర్ అక్కడే నిలబడి ఉన్నాడు.

"నాకా పాస్‌వర్డ్ తెలీదు వదినా," అన్నాడు.

ఆవిడ అతని వైపు చూడకుండా లేచారు. టీ పెడతానని వంటగదిలోకి వెళ్ళిపోయారు. ఆవిడ అటు వెళ్ళగానే అతను నా పక్కకొచ్చాడు.

"మేడమ్, డిస్కు పాడైపోయిందని చెప్పెయ్యండి. ఏటీ దొరకలేదని చెప్పెయ్యండి. మీకు దణ్ణం పెడతాను."

"ఎందుకు?"

"అడక్కండి."

అంతే, నాకు అర్థమైపోయిందనుకున్నాను. దొంగ దొరికాడు. ఇక పని పూర్తిచెయ్యడమే మిగిలింది. విండోస్‌ని ఆవిడ ఆ రోజు సరిగ్గా ఆపలేదు. సగం నిద్రలో వదిలేశారు. అలా ఉన్నప్పుడు విండోస్ వైపు ఫైళ్ళని రెండో సిస్టమ్ చదవగలదు గాని, మార్చలేదు, చెరపలేదు. తలుపుకి లోపల గడియ పెట్టినట్టు. నేను ఆ గడియ తీసేశాను. మెనూ మళ్ళీ కొత్తగా కట్టాను. ఆ ఫైలు అప్పుడే నా పెన్‌డ్రైవ్‌లోకి తీసిపెట్టుకోవాల్సింది. ముందు మెషీన్ బాగుపడితే ఆవిడే తన చేత్తో తెరుచుకుంటారని ఊరుకున్నాను. ఆ పొరపాటు నాదే.

కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమంది. వాన చప్పుడు ఒక్కసారిగా పెద్దదైంది. గదిలో మానిటర్ వెలుగు తప్ప ఏమీ లేదు.

ఆదిలక్ష్మమ్మ గోడ పట్టుకుని వచ్చి గుమ్మంలో కూర్చుంది. పొద్దున్నుంచి ఆవిడ ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

"రెండయిపోనాది. ఆ కుర్సీలోంచి లెగు పాపా," అంది.

"ఎందుకమ్మా?"

"ఆడొచ్చే ఏల."

అనూరాధ గారు టీ గ్లాసులతో గుమ్మం అవతలే ఆగిపోయారు. నేను ఎందుకు లేచానో నాకే తెలీదు. లేచి గోడ వారకి జరిగాను. గుణశేఖర్ అలమరకి ఆనుకుని, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. ముసలమ్మ గుమ్మంలో. కీబోర్డు మంచం మీద, దాని వైరు నేల మీదికి వేలాడుతోంది. మౌస్ దాని పక్కనే.

గదిలోకి ఒక వాసన వచ్చింది. కుళ్ళిన గుడ్డు వాసన. వంటగదిలో ఏదో పాడైందేమో అనిపించింది నాకు. గుణశేఖర్‌కి మాత్రం అది కంపెనీలో లీకైన గ్యాస్ వాసనేనని తెలుసు. చప్పున ముక్కూ నోరూ అరచేత్తో మూసుకున్నాడు.

మెషీన్ దానంతటదే ఆగి, మళ్ళీ మొదలైంది.

మెనూ. పది... తొమ్మిది... నేను కట్టిన కొత్త మెనూ అది. రెండు దగ్గర పట్టీ దిగింది.

పాస్‌వర్డ్ పెట్టె వచ్చింది. ఖాళీగా ఉంది. తరవాత ఒక చుక్క పడింది. కాసేపటికి ఇంకోటి. తొందరేమీ లేదు. ఎనిమిది చుక్కలు... ఆఖరిది చెరిగిపోయింది. మళ్ళీ పడింది.

"ఆఖరి అక్షరం ఆయన ఎప్పుడూ తప్పు కొట్టేవారు," అన్నారు అనూరాధ గారు, నిద్రలో మాట్లాడినట్టు.

తెర తెరుచుకుంది. బాణం గుర్తు మెల్లగా కదిలింది. విండోస్ వైపు ఫోల్డర్. దాని లోపల ఇంకోటి. ఆ లోపల ఒకే ఒక్క ఫైలు... అలారం సంగతి.

అది తెరుస్తాడనుకున్నాను. తెరవలేదు.

ఒక పెట్టె వచ్చింది. ఈ ఫైలుని శాశ్వతంగా చెరిపెయ్యాలా అని అడుగుతోంది.

అప్పుడు అర్థమైంది నాకు. నలభై రోజులుగా రోజూ వచ్చి చేస్తున్న పని ఇదే. ఏ రోజూ కుదరలేదు. గడియ పెట్టి ఉంది కాబట్టి కుదరలేదు. ఇవాళ గడియ లేదు. నేనే తీశాను.

బాణం 'అవును' వైపు జరుగుతోంది...

ఎలా కదిలానో తెలీదు. కుర్చీ అడ్డంగా ఉంది, సీటు చేతికి తడిగా తగిలింది. దాని మీదుగా వంగాల్సి వచ్చింది. ఆ ఒక్క క్షణం నా మెడ మీద ఊపిరి తగిలింది. వేడిగా లేదు. చల్లగానూ లేదు. ఊపిరి, అంతే. సీపీయూ వెనక కరెంటు వైరు దొరికింది. పీకేశాను.

చీకటి.

కుర్చీ చక్రాలు ఒక జానెడు దూరం వెనక్కి దొర్లిన చప్పుడు అందరికీ వినిపించింది. వాసన పోయింది.

ముసలమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఆడి పని ఆడ్ని సేసుకోనివ్వరు," అంది.

హార్డ్ డిస్క్ ఊడదీసి హాల్లోకి తెచ్చి నా ల్యాప్‌టాప్‌కి తగిలించాను. ఫైలు ఉంది. ముందు దాన్నీ, లాగిన్ల చిట్టానీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఆ తరవాత ఫైలు తెరిచాను. పేజీన్నర ఉత్తరం. పైన తేదీ, ప్రమాదానికి రెండు రోజుల ముందు మంగళవారం. అలారం పాడవలేదనీ, సోమవారం రాత్రి షిఫ్టులో ఇన్‌ఛార్జి చెప్తే ఆపేశారనీ, మాటిమాటికీ మోగి పని ఆగుతోందని అలా చేశారనీ ఉంది. ఆపిన మనిషి పేరు కూడా ఉంది.

గుణశేఖర్.

అనూరాధ గారు రెండుసార్లు చదివారు. తల తిప్పి మరిది వైపు చూశారు. తిట్టలేదు, ఏడవలేదు.

"నిన్ను దాచడానికి వస్తన్నాడు మీ అన్న," అన్నారు.

అతను నేల మీద కూలబడిపోయాడు. "నానే ఆపాను వదినా. ఆపకపోతే ఉజ్జోగం ఉండదన్నారు. రెండు రోజుల్లో మళ్ళీ ఏసేద్దారనుకున్నాను. ఆ ఫైలు పేరు నువ్వు సెప్పిన రోజే నాకు తెలిసిపోనాది, అందులో నా పేరుంటాదని." తలెత్తాడు. "రేపు ఇచ్చెయ్. నానూ వస్తాను. సచ్చిపోయి కూడా ఆడు నాకోసం తిరగడం నాను సూడలేను."

గుణశేఖర్ ఆ మాట నిలబెట్టుకున్నాడు. విచారణలో లేచి నిలబడి అంతా చెప్పాడు. ఆపమన్న ఇన్‌ఛార్జి పేరు కూడా చెప్పాడు. సుమంత్ తప్పు లేదని రాసుకున్నారు. ఆ మాట రాసినప్పుడు అనూరాధ గారు బల్ల అంచు గట్టిగా పట్టుకున్నారు. ఫైలు ఎలా దొరికిందో చెప్పడానికి నేనూ వెళ్ళాను. పాస్‌వర్డ్ సంగతీ, కుర్చీ సంగతీ చెప్పలేదు.

బయట వరండాలో గుణశేఖర్ నా దగ్గరికొచ్చాడు. పోలీసులు అతని కోసం మెట్ల దగ్గర కాచుకుని ఉన్నారు.

"మేడమ్, ఒక్కటే నాకు అర్థం కాట్లేదు. అలారం ఆపినట్టు నాకూ ఇన్‌ఛార్జికీ తప్ప ఎవులికీ తెలీదు. అన్నకి నాను సెప్పనేదు. ఆడికెలా తెలిసింది?"

నాకేం తెలుసు అన్నాను. కాని ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. విచారణలో కంపెనీ హాజరు పట్టిక చదివారు. మంగళవారం సుమంత్ డబుల్ షిఫ్టు. పొద్దున్న ఆరింటికి లోపలికి వెళ్ళి, రాత్రి పదింటికి బయటికొచ్చాడు.

షాపుకొచ్చి ఆ చిట్టా మొదటినుంచి చదివాను. రెండు సిస్టమ్‌లున్న మెషీన్లలో గడియారం ఒక్కోసారి ఐదున్నర గంటలు అటూ ఇటూ అవుతుంది. అదీ సరిచూశాను. తేడా లేదు. మధ్యాహ్నం రెండూ పది లాగిన్లు ఆయన పోయాక మొదలవలేదు. మొదటిది ఆ మంగళవారానిదే, ఆయన కంపెనీ లోపల ఉన్న సమయానిదే. ఉత్తరం రాసింది కూడా అప్పుడే.

అనూరాధ గారికి ఫోన్ చేసి, ఏదో మాటల్లో అడిగినట్టు, ఆ మంగళవారం మధ్యాహ్నం ఇంట్లో ఎవరున్నారని అడిగాను.

ఆవిడ గుర్తుచేసుకున్నారు. "ఎవరూ లేరండి. నేను సెలవు పెట్టి అత్తయ్యని సింహాచలం తీసుకెళ్ళాను. గుణ కూడా మాతోనే వచ్చాడు. ఇల్లు తాళం. తాళంచెవి నా బ్యాగులోనే ఉంది." ఇంకో మాట కూడా అన్నారు. "సాయంత్రం వచ్చేసరికి ఆ కుర్చీ తడిగా ఉంది. పైన స్లాబు కారిందేమో అనుకున్నాం... ఆ రోజు వాన లేదు కదూ?"